రెండణాల కూలీ తెర మీద ఏడీ?

విప్లవం సినిమా అంటే మా అనకాపల్లిలో ఇప్పటికీ ఒకటే బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. కాషాయం, గడ్డం, భుజాన విల్లు, వెనకాల ఎర్రబడ్డ ఆకాశం. ఆ బొమ్మ మీద ఒక్క మాట పడినా ఇక్కడ ఊరుకోరు. నేను అనబోయేది ఒక్క మాట కాదు. యాభై ఏళ్లుగా తెలుగు సినిమా మన్యం పితూరీని కొండజనం చేతుల్లోంచి లాక్కుని ఒక హీరో చేతికిచ్చింది. దాన్ని అందరూ నివాళి అంటున్నారు. నేను దొంగతనం అంటున్నాను.

పోయిన సొత్తేమిటో ముందు చెప్పాలి కదా.

గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించే పని అతని చేతిలో ఉండేది. కొండల మీంచి జనాన్ని దింపి రాళ్లు కొట్టించాడు, మట్టి మోయించాడు. ఆరణాలు ఇవ్వాల్సిన రోజుకూలికి రెండణాలు విదిల్చాడు. మిగతా నాలుగణాలు ఎటు పోయాయో కొండల్లో ప్రతివాడికీ తెలుసు, అడిగే దిక్కే లేదు. ఇవాళ చలికాలం వస్తే చాలు, తెల్లారకముందే కార్లు బారులు తీరి లంబసింగి ఎక్కుతాయి, మంచులో ఫొటోలు దిగడానికి. ఆ దారి ఎవరి కూలి ఎగ్గొట్టి వేశారో ఆ కార్లలో కూర్చున్నవాళ్లకి గుర్తుండేలా చెప్పిన సినిమా లేదు.

రోడ్డుతో అయిపోలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుని నేరం చేసింది. తాతల నాటి నుంచీ కొట్టుకుంటున్న కొండకి రిజర్వు ఫారెస్టని పేరు పెట్టి, అక్కడి మనిషినే దొంగని చేసింది. కొండ ఊళ్ల పెద్దలైన ముఠాదార్ల పలుకుబడి కోసేశారు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొరకి ఉద్యోగం ఊడింది, భూమీ పోయింది. ఇలా కడుపు మండినవాళ్లంతా ఒక్కటైతే పితూరీ అయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు. తుపాకులు తీసుకుని, ఏమేం పట్టుకెళ్తున్నారో అక్కడి పుస్తకంలోనే రాసి, అల్లూరి సీతారామరాజు సంతకం పెట్టి మరీ కదిలారు. ఆ తర్వాత రెండేళ్ల దగ్గర దగ్గర మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్సు కొండలన్నీ జల్లెడ పట్టారు. ఊళ్లు అన్నం పెట్టకుండా, కబురు అందించకుండా, నోరు కట్టుకోకుండా ఒక్క మనిషి అన్నాళ్లు దొరక్కుండా ఉంటాడా? ఆ ఊళ్ల పేర్లు ఏ పాటలోనైనా విన్నారా?

పైగా పితూరీలు రామరాజుతో పుట్టలేదు. కల్లు మీద పన్ను వేసినందుకు 1879లో రంప లేచింది. రామరాజు పుట్టింది 1897లో. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో 'సబాల్టర్న్ స్టడీస్' మొదటి సంపుటంలో ఒక వ్యాసం రాశాడు. అందులో గూడెం, రంప కొండల తిరుగుబాట్లని 1839 నుంచి లెక్కేసుకుంటూ వస్తాడు. ఆ వరసలో 1922ది చివరిది. రామరాజు గొప్పతనం కూడా అక్కడే ఉంది. ఎప్పట్నుంచో మండుతున్న కొండల్లోకి బయటివాడిగా వచ్చి, ఆ జనం నమ్మకం సంపాదించి, వాళ్లతోనే చచ్చిపోయాడు. ఆ మాట చెబితే ఆయనేం చిన్నవాడైపోడు. కానీ మన సినిమాకి అంతకుముందటి తరాలతో పనిలేదు. దానికి కావాల్సింది ఒక మనిషి నడిచొస్తుంటే అడవి అడవంతా అప్పుడే నిద్రలేవడం.

తెల్లదొరలు రామరాజు తలకి పదివేలు వెలకట్టారు. గంటందొర, అతని తోటి పితూరీదారు మల్లుదొరల తలలకి వెయ్యేసి. మన సినిమా వాళ్లకి ఆ వెయ్యి కూడా ఇవ్వలేదు.

1974 మే 1న 'అల్లూరి సీతారామరాజు' విడుదలైంది. కృష్ణకి నూరో సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోపు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే పోతే మిగిలింది వేరేవాళ్లు పూర్తి చేశారు. శ్రీశ్రీ పాటకి జాతీయ అవార్డు వచ్చింది. చింతపల్లి చలిలో యూనిట్టంతా పడ్డ పాట్లు నిజం, ఆ కష్టాన్ని కాదనను. కథలో పెట్టిందేమిటని అడుగుతాను. హీరోకి ఒక సీత కావాలి కాబట్టి సీత వచ్చింది, ఆవిడకో పాట వచ్చింది. విలన్ కావాలి కాబట్టి తెల్లదొర రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య వచ్చారు. ఆయన గొంతుకి తగ్గ డైలాగులు త్రిపురనేని మహారథి రాశారు. చివర్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే మాటలు ఈ జిల్లాలో పెద్దవాళ్లకి నోటికొచ్చు. నిజంగా జరిగింది మాత్రం ఎవరికీ నోటికి రాదు.

జరిగింది ఇదీ. 1924 మే 7. మంప దగ్గర రామరాజు పట్టుబడ్డాడు. కట్టేసి కొయ్యూరు తెచ్చారు. మేజర్ గూడాల్ చెట్టుకి కట్టించి కాల్పించాడు. కోర్టు లేదు, వాంగ్మూలం లేదు, శిక్ష చదివినవాడు లేడు. మర్నాడు కృష్ణదేవిపేటలో దహనం. పట్టుకున్న మనిషిని విచారణ లేకుండా చంపడమంటే ఏమిటో 1974లో హాల్లో కూర్చున్న ఉత్తరాంధ్రవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అంతకి నాలుగేళ్ల ముందే, 1970 జూలైలో, శ్రీకాకుళం గిరిజన పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఎన్‌కౌంటర్ వార్త పేపర్లో చదివినవాడే వాడు. అంతకు ముందటి ఏడు అదే పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి. కొయ్యూరు చెట్టుని ఉన్నదున్నట్టు చూపించి ఉంటే ప్రేక్షకుడికి ఒకే తెర మీద రెండు చావులు కనబడేవి, తెల్ల ప్రభుత్వంతో పాటు ఇంకో ప్రభుత్వం కూడా కనబడేది. ఆ ప్రమాదం రాకుండా సినిమా ఆ చావుని డైలాగులతో నింపి చప్పట్లుగా మార్చేసింది. మా బెల్లం మార్కెట్లో దిమ్మకి రంగుంటేనే రేటు, అందుకే పాకంలో హైడ్రోస్ కలిపి పసుపు తేలుస్తారు. పితూరీకి కలిపిన హైడ్రోస్ ఆ డైలాగులు.

అదే 1974లో, భూగోళానికి అవతలి పక్క, క్యూబాలో సెర్హియో హిరాల్ అనే దర్శకుడు 'మరో ఫ్రాన్సిస్కో' తీశాడు. నలుపు తెలుపు సినిమా. దాని వెనక ఒక నవల ఉంది. 1830ల చివర్లో అన్సెల్మో సువారెస్ ఈ రొమేరో రాశాడు. చెరకు తోటలో బానిస ఫ్రాన్సిస్కో, డొరొతేయా అనే బానిస పిల్లని ప్రేమిస్తాడు. యజమాని కొడుకు కన్ను ఆ పిల్ల మీద పడుతుంది. ఫ్రాన్సిస్కో తట్టుకోలేక ప్రాణం తీసుకుంటాడు. బానిసత్వం పోవాలని కోరుకున్న చదువుకున్నవాళ్ల గోష్ఠిలో పుట్టిన నవల అది. మంచి మనసుతో రాసిందే. చదివి కళ్లు తుడుచుకునే నవల.

హిరాల్ ఏం చేశాడంటే, ముందు ఆ నవలని నవలలాగే తీస్తాడు. మెత్తటి వెలుగు, ప్రేమ, ఎడబాటు, చెట్టుకి వేలాడే శవం. సరిగ్గా మనం జేబురుమాలు తీసే సమయానికి కథ ఆపేసి నిలదీస్తాడు. చీకటితో లేచి చెరకు నరికి, రాత్రి కూడా మిల్లు దగ్గర నిలబడే బానిస నిజంగా ప్రేమ కోసమే చచ్చిపోతాడా? ఈ కథ రాసినవాళ్లు ఎవరు, వాళ్ల తిండి ఎక్కడి నుంచి వచ్చేది? బానిసల్ని వదిలేయమని అడిగే ఇంగ్లీషువాడికి అందులో లాభం ఎంత? అక్కడి నుంచి అదే తోట మళ్లీ మొదలవుతుంది. ఈసారి పని గంటలున్నాయి, కొరడా ఉంది, కొత్త యంత్రం వచ్చాక తగ్గాల్సింది పోయి పెరిగిన చాకిరీ ఉంది. ఈసారి బానిసలు ఏడవరు. తోటకి నిప్పు పెడతారు, తిరగబడతారు.

తమ పక్షాన రాసిన కథనే తెర మీద విప్పి, నువ్వు మంచివాడివే గానీ నువ్వు చెప్పింది అబద్ధం అన్నాడు చూడండి, ఆ తెగువ కోసం మొహం వాచిపోయి ఉన్నాం మనం. రామరాజు మీద అలాంటి సినిమా మన దగ్గర తీయగలరా? మొదటి అరగంట కాషాయం, విల్లు, పాట. ఆ తర్వాత తెర మీద ఒక గొంతు: ఆగండి, రోడ్డు పనిలో రెండణాలు తీసుకున్నవాడు ఏడీ? ఆ గొంతు వినబడ్డ మరుక్షణం హాలు అద్దాలు మిగలవని నిర్మాతకి తెలుసు. అందుకే ఆ గొంతు పుట్టదు.

చెరకు ఊసు వచ్చింది కాబట్టి అనకాపల్లివాడు ఇంకోటి కూడా తెలుసుకోవాలి. 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉన్న ఊరు మనది. బెల్లం మార్కెట్ పేరు దేశమంతా తెలుసు. చుట్టూ తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర మిల్లులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. చెరకు పీకి సరుగుడు వేసినవాళ్లని ఈ జిల్లాలో ఏ ఊళ్లోనైనా చూపిస్తారు. తెలుగు సినిమాలో చెరకు తోట ఎందుకుంటుంది? ఫైటుకి, లేకపోతే డ్యూయెట్‌కి. 1964లో సోవియట్ దర్శకుడు మిఖాయిల్ కలతోజోవ్ క్యూబా వెళ్లి 'సోయ్ కూబా' తీశాడు. అందులో పెద్రో అనే ముసలి కౌలురైతు. ఆ ఏడు పంట బ్రహ్మాండంగా వచ్చింది. నరకడం మొదలెట్టాడు. గుర్రమెక్కి దొర వచ్చి, ఈ భూమి యునైటెడ్ ఫ్రూట్ కంపెనీకి అమ్మేశాను, నీకిక్కడ ఏమీ లేదని చెప్పి పోయాడు. పెద్రో ఆ మాట పిల్లలకి చెప్పడు. చేతిలో డబ్బులు పెట్టి ఊళ్లోకెళ్లి ఏమైనా తాగి రమ్మంటాడు. వాళ్లు కోకాకోలా తాగుతూ గంతులేస్తుంటే ఇక్కడ ముసలాయన తను పెంచిన తోటకి తనే నిప్పు పెడతాడు. ఆ సినిమా క్యూబావాళ్లకి నచ్చలేదు, పరాయివాడి కంటితో చూసిన క్యూబా అన్నారు. వాళ్ల మాట వాళ్లది. ఆ పది నిమిషాలు మాత్రం తాండవ మిల్లుకి చెరకు తోలి బిల్లు కోసం కాళ్లరిగేలా తిరిగిన రైతుకి చూపించండి. ఏ సబ్‌టైటిలూ అక్కర్లేదు.

క్యూబా విప్లవం గెలిచింది 1959 జనవరి 1న. మూడు నెలలు తిరక్కుండానే, మార్చి 24న, సినిమా సంస్థ ఐకైక్ పెట్టారు. ట్రక్కులకి ప్రొజెక్టర్లు ఎక్కించి కొండ ఊళ్లకి పంపారు. 1967లో ఒక్తావియో కోర్తాసర్ తీసిన చిన్న డాక్యుమెంటరీ ఒకటుంది, 'మొట్టమొదటిసారి' అని. సినిమా అంటే ఏమిటో ఎరగని కొండ పల్లెకి ట్రక్కు వస్తుంది. సినిమా అంటే ఏమనుకుంటున్నారని ముందు ఆడవాళ్లని అడుగుతారు. చాలా అందమైనదేదో అయ్యుండాలని ఒకావిడ ఆలోచించి చెబుతుంది. రాత్రి చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' వేస్తారు. కూలివాడికి అన్నం తినిపించే యంత్రం పిచ్చెక్కి చాప్లిన్ మొహాన్ని వాయించేస్తుంటుంది. కెమెరా తెర వైపు కాకుండా చూసేవాళ్ల మొహాల మీద నిలబడుతుంది. నోరు తెరిచిన పిల్లలు, నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్న ముసలమ్మలు. మన దగ్గర యాభై ఏళ్లలో మన్యం మొహాల మీద అంతసేపు నిలబడ్డ కెమెరా ఎన్నిసార్లు చూశారు? హీరో వెనక జై కొట్టడానికి మాత్రం కావాలి ఆ మొహాలు. ఆకులు కట్టి, నల్లరంగు పూసి, మద్రాసు నుంచి తెచ్చిన జూనియర్ ఆర్టిస్టులైనా సరే.

ఇంకో రెండు చెప్పి క్యూబా పొగడ్త ఆపుతాను. 1969లో మనువెల్ ఒక్తావియో గోమెస్ 'మచేతేతో తొలి దాడి' తీశాడు. 1868లో స్పెయిన్ మీద మొదలైన యుద్ధం కథ. చెరకు నరికే కత్తే అందులో ఆయుధం. సినిమా కెమెరానే పుట్టని ఆ కాలానికి వార్తా విలేకరి కెమెరా భుజాన వేసుకుని వెళ్లినట్టు తీశాడు. స్పెయిన్ సైనికాధికారుల్నీ అడుగుతాడు, వీధిలో పోయేవాళ్లనీ అడుగుతాడు. ప్రతివాడి మాటా వేరు. అంతకుముందు ఏడు, 1968లో, ఉంబెర్తో సోలాస్ 'లూసియా'లో మూడు కాలాల ముగ్గురు ఆడవాళ్లని పెట్టాడు. మూడో లూసియాకి విప్లవం గెలిచాక పెళ్లవుతుంది. విప్లవాన్ని తెగ పొగిడే మొగుడే ఆవిణ్ని ఇంట్లో పెట్టి తలుపులకీ కిటికీలకీ మేకులు కొడతాడు. గెలిచిన విప్లవం ఇంటి గడప దగ్గర ఎలా ఆగిపోయిందో గెలిచిన పదేళ్లలోపే చూపించారు.

అక్కడ అంతా వెన్నెలేం కాదు. హవానా రాత్రి జీవితం మీద తీసిన 'పి.ఎం.' అనే చిన్న సినిమాని 1961లోనే ఆపేశారు. 1968లో నికొలాస్ గియెన్ లాంద్రియాన్ కాఫీ సాగు ప్రచారం మీద తీసిన 'కాఫియా అరాబిగా'లో ఫిడెల్ కనబడుతుంటే వెనకాల బీటిల్స్ పాట మోగించాడు. ఆ సినిమానీ తొక్కేశారు, ఆయన్నీ సంస్థలోంచి తోసేశారు. చివరికి పరాయి దేశంలో చచ్చిపోయాడు. 1991లో 'వింతల ఊళ్లో ఆలిస్' హాళ్లలో నాలుగు రోజులాడింది. సర్కారు సొమ్ముతో తీసే సినిమాకి సర్కారు కత్తెర ఎప్పుడూ ఉంటుంది, దాన్ని సమర్థించేవాణ్ని కాను. కానీ ఆ కత్తెర కిందే తోమాస్ గుతియెర్రెస్ ఆలియా 1966లో 'ఒక బ్యూరోక్రాట్ మరణం' తీశాడు. హోసే మార్తీ విగ్రహాలు గంపగుత్తగా పోతపోసే యంత్రం కనిపెట్టిన ఆదర్శ కార్మికుడు ఆ యంత్రంలోనే పడి చస్తాడు. గౌరవంగా అతని కార్మిక కార్డుని కూడా శవంతో పాతిపెడతారు. కార్డు లేనిదే భార్యకి పెన్షన్ రాదు. ఇక ఆఫీసుల చుట్టూ తిరుగుడు. జాతి వీరుడి విగ్రహాల పిచ్చి మీద, అదీ విప్లవం గెలిచిన ఏడేళ్లకే, దేశమంతా పడీ పడీ నవ్వింది.

2022 జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు రామరాజుని ప్రధాని ఆవిష్కరించారు. అంతకు మూడు నెలల ముందు జిల్లాలు చీల్చారు. పేరు పాడేరు జిల్లాకి పోయింది, సమాధి ఉన్న కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలో కాబట్టి మా అనకాపల్లి జిల్లాకి వచ్చింది. మనిషి పేరొక జిల్లాలో, బూడిద ఇంకో జిల్లాలో. ఆలియా బతికుంటే దీని మీద కూడా ఒకటి తీసేవాడు. మన దగ్గర ఈ విషయంలో నవ్వే ధైర్యం ఎవడికీ లేదు, ఏడ్చే తీరిక అంతకన్నా లేదు.

జిల్లాలు చీల్చడానికి సరిగ్గా పది రోజుల ముందు, 2022 మార్చి 25న, 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. ఇది కల్పిత కథ అని సినిమా ముందే చెప్పింది కదా అని అభిమానులు నా మీదకొస్తారు. వస్తే రండి. కల్పితమైతే పేర్లు కూడా కల్పించుకోవాలి. అల్లూరి పేరు, కొమరం భీం పేరు పెట్టి టికెట్లు అమ్ముకుని, కథ దగ్గరకొచ్చేసరికి మాకేం సంబంధం అంటే కుదరదు. రామరాజు ఆ సినిమాలో ఎలా పరిచయమవుతాడో గుర్తుందా? బ్రిటిష్ పోలీసు యూనిఫారంలో. ఠాణా కంచె బయట వేల మంది జనం రగిలిపోతుంటారు. అందులో ఒకడు బ్రిటిష్ రాజు ఫొటో మీద రాయి విసురుతాడు. అతణ్ని పట్టుకోవడానికి మన హీరో ఒక్కడే లాఠీతో ఆ జనసముద్రంలోకి దూకి, ఎముకలు విరగ్గొట్టుకుంటూ వెళ్లి ఈడ్చుకొస్తాడు. చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డ మనిషి పేరు పెట్టుకున్న పాత్ర, పోలీసు స్టేషన్ తరఫున జనాన్ని చితక్కొడుతూ తెర మీదకి వస్తుంది. హాలంతా ఈలలు. అది అతని పథకంలో భాగమని తర్వాత చెప్తారు, తెలుసు. కానీ ఈల పడింది ఆ దెబ్బలకి.

ఆఖరి సీను ఇంకా ఘోరం. ఏం కావాలో కోరుకోమని భీమ్‌ని రామ్ అడుగుతాడు. చదువు కావాలంటాడు భీమ్. రామ్ జెండా మీద రాసిస్తాడు: జల్, జంగల్, జమీన్. కొమరం భీం పేరుతో గోండు గూడేలు తరతరాలుగా చెప్పుకునే నినాదం అది. దాన్ని భీంకి రాసిచ్చిన చెయ్యి ఎవరిదయిందో చూడండి. ఆదివాసీ నినాదాన్ని ఆదివాసీకే దానం చేశారు. ఆస్కార్ వచ్చిన గోలలో దీన్ని అడిగిన నాథుడు లేడు.

ఇదే కొమరం భీం మీద అల్లాణి శ్రీధర్ 1990లో సినిమా తీస్తే, అది హాలుకి రావడానికి 2010 దాకా పట్టింది. ఇరవై ఏళ్లు డబ్బాల్లో ఉంది. వందల కోట్ల భీంకి మాత్రం టికెట్ రేటు పెంచుకోమని సర్కారే అనుమతిచ్చింది. మన దగ్గర క్యూబాలాగా సినిమాని నిషేధించే ఖర్చు కూడా సర్కారుకి లేదు. హాలు దొరకనివ్వకపోతే చాలు.

జనం చూడరండీ అనే మాట ఒకటుంది ఫిల్మ్‌నగర్‌లో. 'మా భూమి' సంగతేమిటి మరి? బి. నరసింగరావు నిర్మాణం, గౌతం ఘోష్ దర్శకత్వం, 1980లో విడుదల. తెలంగాణ సాయుధ పోరాటం. హీరో లేడు, ఉన్న రామయ్య వెట్టివాడి కొడుకు. గద్దర్ గొంగడి కప్పుకుని పాడాడు. హైదరాబాద్‌లో ఉదయం ఆటలకి జనం నెలల తరబడి ఎగబడి చూశారు. చూడనిది జనం కాదు, చూపించనిది మీరు.

ఎర్రజెండా వాళ్లని వదిలేస్తే నాకు రాత్రి నిద్ర పట్టదు. క్యూబా అంటే ప్రాణం పెడతారు. సోవియట్ కూలిపోయి క్యూబా ఆకలితో ఉన్నప్పుడు, 1992లో, ఓడకెత్తడానికి దేశమంతా తిరిగి గోధుమలు పోగేశారు. అది గొప్ప పని, నమస్కారం. చే బొమ్మ మీ గోడ మీద, మీ పిల్లాడి బనీను మీద, ఆటో వెనకాల ఉంది. కానీ ఈ ఊళ్లో మీ మీటింగులో ఒక్క క్యూబా సినిమా వేసి చూపించారా? ఆలియా ఎవరో మీ జిల్లా నాయకుడికి తెలుసా? బొమ్మతో వచ్చిన తృప్తి ప్రశ్నతో రాదు కదా. సినిమా హీరో కటౌట్‌కి పాలు పోసేవాడికీ, చే బొమ్మకి దండ వేసి మైకు సెట్టు బిగించేవాడికీ తేడా ఎంతుందో మీరే చెప్పండి. శారదా గ్రంథాలయం ఉన్న ఊరు, నాటకాల ఊరు, సిరివెన్నెల పెరిగిన ఊరు. ఇక్కడ ఫిల్మ్ సొసైటీ నడపడానికి అమెరికా ఆంక్షలేమైనా అడ్డమా?

కథ లేదంటారా, మల్లుదొర ఉన్నాడు. గంటందొర కాల్పుల్లో పోయాడు, మల్లుదొర పట్టుబడి అండమాన్ వెళ్లాడు. బతికి వచ్చాడు. 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికై ఢిల్లీలో కూర్చున్నాడు. పోలీసు స్టేషన్ మీద దాడి చేసిన కొండమనిషి పార్లమెంటు మెట్లెక్కడం కంటే పెద్ద ఇంటర్వెల్ బ్యాంగ్ ఏం కావాలి మీకు? ఇంకా ఉంది. ఆయన సభలో కూర్చున్న రోజున కూడా గూడెం కొండల్లో అమల్లో ఉన్నది ఆ 1882 మద్రాసు అటవీ చట్టమే. దేని మీద తుపాకీ పట్టాడో అదే. దాని చోట ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది 1967లో. అదే 1967 అక్టోబర్ 31న శ్రీకాకుళంలో లేవిడి దగ్గర గిరిజనుల మీద కాల్పులు జరిగి ఇంకో పితూరీ మొదలైంది. పోడు పట్టాల కోసం ఆ కొండల జనం 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా కాయితాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఇందులో ఒక్క సీనూ నేను కల్పించలేదు. ఇది తీయాలంటే పులితో ఫైటింగు అక్కర్లేదు, గ్రాఫిక్స్ అక్కర్లేదు. బాస్టియన్ బల్ల ముందు కూలీల వరస, ఒక్కొక్క అరచేతిలో రెండేసి అణాలు, ఆ అరచేతులు మూసుకోవడం. అక్కడ మొదలెట్టండి చాలు.

కాదు, అది ఆడదు, స్టార్ ఒప్పుకోడు, ఓటీటీ కొనదు అంటారు. సరే. అయితే మే 7న కృష్ణదేవిపేట రావడం మానేయండి. ఏటా మంత్రులొస్తారు, దండలొస్తాయి, హీరో గొంతుతో డైలాగులు చెప్పే మిమిక్రీ వాళ్లొస్తారు. వచ్చేదుంటే ఈసారి దండ బదులు ప్రొజెక్టరు పట్టుకుని రండి. చుట్టుపక్కల గూడేల నుంచి జనాన్ని పిలుద్దాం. వాళ్ల తాతల సినిమా వేద్దాం. వేయడానికి రీలు లేదని అక్కడ మైకులో మీరే చెప్పుకోండి, నా చేత చెప్పించకండి.